సీజర్, కైసరు, జార్, సిజేరియన్: ఒకే పేరుకి ఇంగ్లీషులో ఎన్ని వాడుకలు?

అడిగిన ప్రశ్న ఇది: "ఇంగ్లీషు పేపరు సంపాదకీయంలో ఒక మంత్రి గురించి రాస్తూ 'సీజర్స్ వైఫ్'లా ఉండాలి అన్నారు. మంత్రి మగాయన, మరి వైఫ్ ఎవరు? చర్చిలో కైసరు అని వింటాను, చరిత్ర పుస్తకంలో జార్ అని చదివాను, ఆస్పత్రిలో సిజేరియన్ అంటారు. ఇవన్నీ ఒకే పేరేనా? ఇంగ్లీషులో సీజర్ అంటే మనిషా, పదవా? ఎలా పలకాలి, ఎలా వాడాలి?"

అవునండీ, అన్నీ ఒకే పేరు. ఇంగ్లీషు వార్తలు తెలుగు చేసే పనిలో చాలాకాలంగా ఉన్నాను కాబట్టి ఈ పేరుతో నాకు నిత్యం పేచీయే. వివరాల్లోకి వెళ్లే ముందు ఒక్క మాట. ఇంగ్లీషులో సీజర్ అని కనిపించిన ప్రతిచోటా జూలియస్ సీజర్‌ని ఊహించుకోకండి. ఆయన చనిపోయిన కొన్నాళ్లకే ఆ పేరు ఊరుమ్మడి ఆస్తి అయిపోయింది. అప్పట్నుంచి రెండు వేల ఏళ్లుగా ఎవరికి కావలసినట్టు వాళ్లు వాడుకుంటున్నారు. వాక్యం ఎదురైనప్పుడు "ఇక్కడ సీజర్ అంటే ఎవరు?" అని ఒక్కసారి అడిగి చూసుకుంటే సగం చిక్కులు అక్కడే విడిపోతాయి.

ముందు అసలు మనిషి సంగతి. పూర్తి పేరు గాయస్ జూలియస్ సీజర్. క్రీ.పూ. 100లో పుట్టాడు. క్రీ.పూ. 44 మార్చి 15న సెనేట్ సమావేశంలోనే పొడిచి చంపారు. రోమన్ పేర్లలో మొదటిది మనిషికి పెట్టిన పేరు, రెండోది వంశం, మూడోది ఆ వంశంలో ఒక శాఖ ఇంటిపేరు. అంటే మనం సీజర్ అని పిలిచేది ఆయన్ని ఇంటిపేరుతో. వాళ్ల నాన్న పేరు కూడా అచ్చంగా గాయస్ జూలియస్ సీజరే.

ఆ ఇంటిపేరుకి అర్థమేమిటన్నది రోమన్లకే తేలలేదు. దట్టమైన జుట్టు అనే లాటిన్ మాట నుంచి వచ్చిందని కొందరన్నారు. బూడిద నీలం రంగు కళ్ల వల్ల అని కొందరు, కోయడం అనే క్రియ నుంచి అని కొందరు, పూర్వీకుడెవరో ఏనుగుని చంపితే వచ్చిందని ఇంకొందరు. సీజర్ వేయించిన ఒక వెండి నాణెం మీద ఏనుగు బొమ్మ ఉంది కూడా. జుట్టు కథే నిజమైతే మాత్రం పాపం, ఆయనకి బట్టతల. సెనేట్ ఇచ్చిన గౌరవాలన్నింటిలోకీ ఎప్పుడూ తలమీద లారెల్ ఆకుల దండ పెట్టుకోవచ్చన్న గౌరవం ఆయనకి బాగా నచ్చిందని చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు. ఎందుకో వేరే చెప్పాలా?

ఇక్కడే తెలుగులో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. "జూలియస్ సీజర్ చక్రవర్తి" అని రాసేస్తారు. ఆయన చక్రవర్తి కాదు. అప్పటికి రోమ్‌లో ఆ పదవే లేదు. ఆయన కాన్సుల్ (ఏడాది పదవీకాలానికి ఎన్నుకునే అత్యున్నత అధికారి), సేనాని, చివర్లో జీవితకాల డిక్టేటర్. రాజు అనే మాటంటేనే రోమన్లకి ఒళ్లు మండేది. ఈయన రాజైపోతాడేమోనన్న భయం ఆయన్ని చంపిన కారణాల్లో ముఖ్యమైనది.

మొదటి చక్రవర్తి అయింది ఆయన సోదరి మనవడు ఆక్టేవియన్. వీలునామాలో సీజర్ అతన్ని దత్తు తీసుకున్నాడు. అప్పటికి అతనికి 18 ఏళ్లు. వీలునామా సంగతి తెలియగానే ఆ కుర్రాడు తాను కూడా గాయస్ జూలియస్ సీజర్ అయిపోయాడు. ఆ పేరు విలువ ఎంతటిదో అతనికి బాగా తెలుసు. ప్రత్యర్థి మార్క్ ఆంటొనీ "నీకున్నదంతా నీ పేరు వల్ల వచ్చిందేగా" అని ఎత్తిపొడిచాడు, అది నిజమే. క్లియోపాత్రాకి సీజర్ వల్ల పుట్టాడని చెప్పే కొడుకు ఒకడుండేవాడు. వాడి ముద్దుపేరు సిజేరియన్, అంటే చిన్న సీజర్. (ఆస్పత్రి సిజేరియన్‌కీ వీడికీ సంబంధం లేదు, స్పెల్లింగ్ కూడా వేరు.) క్రీ.పూ. 30లో ఈజిప్టుని గెలిచినప్పుడు వాణ్ణేం చేయాలని ఆక్టేవియన్ ఆలోచిస్తుంటే, సీజర్లు ఎక్కువైతే మంచిది కాదని ఒక తత్వవేత్త సలహా ఇచ్చాడట. కుర్రవాణ్ణి చంపేశారు. కేవలం పేరు కోసం ఇంత జరిగింది.

ఆక్టేవియన్‌కి క్రీ.పూ. 27లో అగస్టస్ అనే బిరుదు వచ్చింది. తర్వాత తిబేరియస్, కలిగులా, క్లాడియస్, నీరో. క్లాడియస్‌కి దత్తత కూడా జరగలేదు, అయినా సీజర్ పేరు తగిలించుకున్నాడు. క్రీ.శ. 68లో నీరోతో ఆ కుటుంబం అంతరించింది. తర్వాత వచ్చిన గాల్బా, వెస్పాసియన్ లాంటివాళ్లకి సీజర్ల ఇంటితో ఏ చుట్టరికమూ లేదు. వాళ్లూ సీజర్లే అయ్యారు. ఇంటిపేరు పదవి పేరుగా మారింది ఇక్కడే. 293లో డయోక్లీషియన్ సామ్రాజ్యాన్ని నలుగురికి పంచినప్పుడు పెద్దవాళ్లిద్దరికీ అగస్టస్ అని, వాళ్ల కింద ఉండే ఇద్దరికీ సీజర్ అని పేరు. అంటే ఒక దశలో సీజర్ అంటే యువరాజు స్థాయి. ఇంగ్లీషు చరిత్ర పుస్తకంలో "హి వాజ్ మేడ్ సీజర్" అని చదివితే ఇది గుర్తుపెట్టుకోండి, "సింహాసనం ఎక్కాడు" అని అనువదించేస్తే తప్పు.

ఇలాంటిది మనకి కొత్తేమీ కాదు. విక్రమాదిత్యుడు అనే పేరుని గుప్తుల రెండో చంద్రగుప్తుడు బిరుదుగా పెట్టుకున్నాడు. చాళుక్యుల్లో ఆ పేరుగలవాళ్లు వరసగా ఉన్నారు. ఇవాళ పట్టువదలని విక్రమార్కుడు అంటే నాలుగోసారి గ్రూప్స్ రాస్తున్న మన పక్కింటి అబ్బాయి.

ఇప్పుడు ఉచ్చారణ. సీజర్ కాలంలో లాటిన్‌లో "సి" అక్షరం ఎప్పుడూ "క" శబ్దమే. దాని తర్వాతి రెండు అచ్చులూ కలిసి దాదాపు "ఐ". అంటే ఆయన్ని బజార్లో ఎవరైనా పిలిస్తే "కైసర్" అనే పిలిచేవారు. గ్రీకులూ అలాగే రాసుకున్నారు. జర్మన్లు ఆ మాటని చాలా ముందే అరువు తెచ్చుకున్నారు కాబట్టి వాళ్ల దగ్గర "కైజర్"గా ఉండిపోయింది. తర్వాతి కాలపు లాటిన్‌లో, ఫ్రెంచిలో "క" మెత్తబడి "స" అయింది. ఇంగ్లీషుకి ఆ రూపమే అందింది. అందుకే ఇంగ్లీషువాళ్లు "సీజర్" అంటారు. ఆ "జ" మన జడలో ఉన్నట్టు కాదు, "జూ"కి వెళ్లాం అన్నప్పటి జ. తెలుగులో రాయడానికి సీజర్ చాలు.

మన తెలుగు బైబిల్లో కైసరు అని ఉండటానికి కారణం ఇదే. కొత్త నిబంధన మూలం గ్రీకు, గ్రీకులో ఉన్నది కైసర్. ఆ రకంగా తెలుగు క్రైస్తవులు పలికేది ఇంగ్లీషువాళ్లు పలికేదానికన్నా అసలుకి దగ్గర. "కైసరువి కైసరునకును, దేవునివి దేవునికిని చెల్లించుడి" అన్న మాట ఇంగ్లీషులో "రెండర్ అన్‌టు సీజర్". ఇక్కడ సీజర్ ఎవరు? జూలియస్ కాదు, ఆయన చచ్చిపోయి అప్పటికి 70 ఏళ్లు దాటింది. అప్పుడు ఏలుతున్నది తిబేరియస్. నాణెం మీద బొమ్మ ఉన్న చక్రవర్తి ఎవరైనా సరే వాక్యానికి తేడా రాదు. ఇంగ్లీషు రాజకీయ వ్యాసాల్లో ఇది కనిపిస్తే సీజర్ అంటే ప్రభుత్వం, పన్నులు వసూలు చేసే యంత్రాంగం. "మతం వేరు, రాజ్యం వేరు" అన్న వాదనకి ఎక్కువగా తెస్తారు. "సీజర్ వాంట్స్ హిజ్ షేర్" అని ఎవరైనా రాస్తే ఆదాయపు పన్ను కట్టే గడువు దగ్గరపడిందని అర్థం.

అపొస్తలుల కార్యములలో పౌలు తనకి స్థానికంగా న్యాయం జరగదని తేలాక నేను కైసరుకే చెప్పుకుంటాను అంటాడు. రోమన్ పౌరుడిగా అతనికి ఆ హక్కుంది. అక్కడ కైసరు నీరో. ఇంగ్లీషులో "అపీల్ టు సీజర్" అంటే ఇంతకు పైన ఇక ఎవరూ లేని అధికారి దగ్గరికి వెళ్లడం. తమాషా ఏమిటంటే ఆ విచారణ జరిగిన ఊరు కైసరయ. అది కూడా అగస్టస్ గౌరవార్థం హేరోదు కట్టించి ఆ పేరు పెట్టిందే. టర్కీలో కైసెరి, స్పెయిన్‌లో జరగోజా కూడా ఈ పేరులోంచి పుట్టిన ఊళ్లే.

"హెయిల్ సీజర్, చావబోతున్న మేము నీకు వందనం చేస్తున్నాం" అనే మాట కూడా చాలామంది జూలియస్‌కి అంటగడతారు. సూటోనియస్ రాసిన ప్రకారం అది క్లాడియస్‌తో అన్నది, ఒక సరస్సులో జరిపిన ఉత్తుత్తి నౌకాయుద్ధం ముందు, శిక్షపడిన ఖైదీలు అన్నది. గ్లాడియేటర్లు, అంటే జనం ముందు కత్తులతో పోరాడే యోధులు, రోజూ చెప్పుకునే నినాదం కాదు.

ఇప్పుడు మీ సంపాదకీయం సంగతి. "సీజర్స్ వైఫ్ మస్ట్ బి అబవ్ సస్పిషన్." ఇందులో సీజర్ మాత్రం నిజంగా జూలియస్సే. క్రీ.పూ. 62. అప్పటికి ఆయన రోమ్‌లో ప్రధాన పూజారి కూడా. బోనా దేయా అనే దేవతకి ఏటా ఆడవాళ్లు మాత్రమే చేసే పూజ ఆ ఏడు ఆయన ఇంట్లో జరిగింది. ఆ రాత్రి ఇంట్లో మగపురుగు ఉండకూడదు. క్లోడియస్ అనే కుర్రాడు ఆడవేషం వేసుకుని లోపలికి దూరాడు. సీజర్ భార్య పాంపేయా కోసం వచ్చాడని పుకారు. పనిమనిషి ఒకావిడ గొంతు విని పట్టేసింది. సీజర్ తల్లి ఔరేలియా వెంటనే పూజ ఆపించి, పవిత్ర వస్తువుల మీద గుడ్డలు కప్పించి, తలుపులు మూయించి, దీపాలు పట్టించి ఇల్లంతా వెతికించింది. ప్లూటార్క్ ఈ ఘట్టం చక్కగా రాశాడు.

సీజర్ భార్యకి విడాకులిచ్చేశాడు. మర్నాటి ఏడు క్లోడియస్ మీద కేసు నడిచినప్పుడు సాక్ష్యానికి పిలిస్తే "నాకేమీ తెలియదు" అన్నాడు. మరి విడాకులెందుకు ఇచ్చావని అడిగితే, నా భార్య మీద అనుమానం కూడా రాకూడదు కాబట్టి అన్నాడు. క్లోడియస్ న్యాయనిర్ణేతలకి లంచాలు పెట్టి బయటపడ్డాడు. రాజకీయంగా క్లోడియస్‌తో సీజర్‌కి అవసరం ఉంది. అంటే ఆ గొప్ప వాక్యం, కోర్టులో నిజం చెప్పకుండా తప్పించుకోవడానికి వాడిన వాక్యం. సంపాదకీయాలు రాసేవాళ్లకి ఈ సంగతి గుర్తుండదు.

తెలుగువాళ్లకి వెంటనే సీతమ్మ, లోకనింద గుర్తొస్తాయి. రావడం సహజం, కానీ ఇంగ్లీషు వాడుకలో ఇది భార్య గురించిన సామెతగా మిగల్లేదు. జడ్జీలు, ఆడిటర్లు, ఎన్నికల అధికారులు, మంత్రులు, వీళ్ల గురించి వాడతారు. మన దేశపు కోర్టు తీర్పుల్లో కూడా న్యాయమూర్తి సీజర్ భార్యలా ఉండాలనే మాట తగులుతూనే ఉంటుంది. "తప్పు చేయకపోతే చాలదు, చేశాడేమోనన్న అనుమానానికి కూడా తావివ్వకూడదు" అని తెలుగు చేయండి. భార్యని వాక్యంలో ఉంచనక్కర్లేదు. ఉంచితే మీకు కలిగిన సందేహమే ప్రతి పాఠకుడికీ కలుగుతుంది.

మనిషిగా జూలియస్సే ఉన్న వాడుకలు ఇంకొన్ని ఉన్నాయి. "క్రాసింగ్ ది రూబికాన్": క్రీ.పూ. 49 జనవరిలో ఇటలీ సరిహద్దుగా ఉన్న చిన్న ఏరు దాటి సైన్యంతో లోపలికి రావడం. దాటితే రాజద్రోహం, వెనక్కి వెళ్లే దారి లేదు. "వచ్చాను, చూశాను, గెలిచాను" అన్నది క్రీ.పూ. 47లో పాంటస్ రాజు ఫార్నసీస్ మీద గెలిచినప్పుడు. "ఎట్ టూ, బ్రూటే" మాత్రం షేక్‌స్పియర్ 1599 నాటి నాటకంతో ప్రసిద్ధమైంది. నిజంగా ఆయనేమీ మాట్లాడలేదని సూటోనియస్ అంటాడు, గ్రీకులో "నువ్వు కూడానా, బిడ్డా" అన్నాడని కొందరు చెబుతారని కూడా చేరుస్తాడు. మనవాళ్లు "యూ టూ బ్రూటస్" అని టీ కొట్టు దగ్గర కూడా అనేస్తారు, దానికి అనువాదం అక్కర్లేదు. జూలై నెల ఆయన పేరే, ఆగస్టు దత్తపుత్రుడిది. క్యాలెండర్‌ని దారిలో పెట్టడానికి క్రీ.పూ. 46వ సంవత్సరాన్ని 445 రోజులకి సాగదీశారు. ఆ క్యాలెండర్‌ని ఇంగ్లీషులో జూలియన్ అంటారు, సిజేరియన్ అనరు.

ఇక సిజేరియన్. తెలంగాణ, ఆంధ్రల్లో ఈ మాట వినని ఇల్లు ఉండదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం పెద్దాపరేషన్‌తోనే జరిగాయి. దేశం మొత్తానికి ఆ లెక్క 21.5 శాతం. ఇంతగా వాడే మాట కాబట్టి "జూలియస్ సీజర్ అలా పుట్టాడు, అందుకే ఆ పేరు" అన్న కథ కూడా అంతగానూ పాకింది. ఈ కథ నిలబడదు. ఆ రోజుల్లో కడుపు కోసి బిడ్డని తీసేది తల్లి చనిపోయినప్పుడు, లేదా చనిపోతోందన్నప్పుడు. చనిపోయిన గర్భిణిని కడుపులో బిడ్డతో సహా పూడ్చకూడదని రోమన్లకి పాత చట్టమే ఉండేది. మరి సీజర్ తల్లి ఎవరు? పైన దీపాలు పట్టించి ఇల్లంతా వెతికించిన ఔరేలియా. కొడుక్కి 38 ఏళ్లప్పుడు ఇంటి పెత్తనం ఆవిడ చేతిలోనే ఉంది. ఆవిడ పోయింది క్రీ.పూ. 54లో.

మరి మాట ఎలా వచ్చింది? సీజర్లలో మొదటివాడికి తల్లి కడుపు కోయడం వల్ల ఆ పేరు వచ్చిందని రోమన్ రచయిత పెద్ద ప్లినీ రాశాడు. అది ఎవరో పూర్వీకుడి గురించిన మాట. తర్వాతి తరాలవాళ్లు దాన్ని ప్రసిద్ధుడైన సీజర్‌కి అంటించేశారు. లాటిన్‌లో కోయడం అనే క్రియ వినడానికి ఆ పేరులాగే ఉండటంతో రెండూ కలగలిసిపోయాయి. ఇంగ్లీషులో ఇప్పుడు దీన్ని చిన్న అక్షరంతోనే మొదలుపెట్టడం మామూలు. బ్రిటన్‌లో "సీఏఈ", అమెరికాలో "సీఈ" అని రాస్తారు. రెండూ ఒప్పే, ఒకే వ్యాసంలో రెండూ కలపకపోతే చాలు.

జార్‌కి వద్దాం, అనువాదకులు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. స్లావ్ భాషల్లో కైసర్ అరిగిపోయి జార్ అయింది. 913లో బల్గేరియా పాలకుడు సిమియన్ దాన్ని పెట్టుకున్నాడు. 1547లో ఇవాన్ ది టెర్రిబుల్ రష్యాకి జార్‌గా పట్టాభిషేకం చేయించుకున్నాడు. 1453లో కాన్‌స్టాంటినోపుల్ గెలిచిన ఒట్టోమన్ సుల్తాను రెండో మెహ్మెద్ తనని తాను రోమ్ కైసర్ అని ప్రకటించుకున్నాడు. 1914లో యుద్ధం మొదలైనప్పుడు జర్మనీకి కైజర్, రష్యాకి జార్. ఒకే రోమన్ ఇంటిపేరు పెట్టుకుని ఇద్దరూ ఒకరి మీదికి ఒకరు సైన్యాలు పంపారు. 1917లో ఒకాయన, 1918లో ఇంకొకాయన గద్దె దిగారు. ఇంగ్లీషులో ఏ విశేషణమూ లేకుండా "ది కైజర్" అంటే రెండో విల్‌హెల్మ్ అనే అర్థం. బల్గేరియా చివరి జార్ రెండో సిమియన్ పిల్లవాడుగా ఉండగా 1946లో పదవి పోగొట్టుకుని, 2001లో ఎన్నికల్లో గెలిచి అదే దేశానికి ప్రధానమంత్రి అయ్యాడు. సీజర్ వారసత్వంలో ఓట్లడిగి గెలిచినవాడంటే నాకు ఈయనే గుర్తొస్తాడు.

అమెరికన్లు జార్ అనే మాటని తమ రాజకీయాల్లోకి తెచ్చుకున్నారు. 1890ల్లో సభని కర్రపెత్తనంతో నడిపిన స్పీకర్ థామస్ రీడ్‌ని ప్రత్యర్థులు "జార్ రీడ్" అని తిట్టేవారు. క్రమంగా తిట్టు కాస్తా పొట్టి హోదాగా మారింది. ఒక సమస్య మీద అన్ని శాఖలనీ కలిపి నడిపించే అధికారిని పత్రికలు జార్ అంటాయి. మాదకద్రవ్యాల నియంత్రణ కార్యాలయానికి 1989లో మొదటి అధిపతిగా వచ్చిన విలియం బెనెట్ "డ్రగ్ జార్". 2014లో ఎబోలా భయం వచ్చినప్పుడు ఆ పని అప్పగించిన రాన్ క్లెయిన్ "ఎబోలా జార్".

ఒకసారి డెస్క్‌కి వచ్చిన అనువాదంలో "అమెరికా కొత్త డ్రగ్స్ చక్రవర్తిని నియమించిన అధ్యక్షుడు" అని శీర్షిక ఉంది. చదివినవాడు ఏమనుకుంటాడు? అధ్యక్షుడు మాఫియా డాన్‌ని నియమించాడనుకుంటాడు. డ్రగ్ జార్ మత్తుమందుల్ని అరికట్టేవాడు. డ్రగ్ లార్డ్, డ్రగ్ బారన్ వాటిని అమ్మేవాళ్లు. ఇంగ్లీషులో మూడూ రాజరికపు మాటలే, కాకపోతే మొదటివాడు మిగతా ఇద్దరినీ జైల్లో వేసేవాడు. "మాదకద్రవ్యాల నియంత్రణ విభాగం అధిపతి" అని రాస్తే గొడవుండదు. స్పెల్లింగ్ విషయానికొస్తే అమెరికాలో "సీజెడ్"తో, బ్రిటన్‌లో "టీఎస్"తో మొదలవుతుంది. తెలుగులో రెండూ జారే.

మన దేశానికి ఈ పేరు వచ్చిన దారి ఇంకొకటి. 1876లో బ్రిటిష్ పార్లమెంటు విక్టోరియాకి భారత చక్రవర్తిని అనే బిరుదుకి వీలు కల్పిస్తూ చట్టం చేసింది. దాన్ని ఇక్కడివాళ్లకి ఏ మాటతో చెప్పాలన్నది సమస్య. పాదుషా, షాహెన్‌షా అంటే మొగలులు గుర్తొస్తారు. లాహోర్ ప్రభుత్వ కాలేజీ ప్రిన్సిపాల్ లైట్నర్ "కైసర్-ఎ-హింద్" సూచించాడు. అరబ్బీ, పారశీ, ఉర్దూ చదివినవాళ్లకి ఖైసర్ ఎప్పట్నుంచో తెలిసిన మాట. హైదరాబాద్‌లో ఇప్పటికీ ఖైసర్ అనే పేరున్నవాళ్లు దొరుకుతారు. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో వైస్రాయ్ లిట్టన్ ఆ బిరుదు ఆర్భాటంగా ప్రకటించాడు. అదే సమయంలో రాయలసీమలో, మద్రాసు రాష్ట్రమంతటా జనం ధాత కరువులో చచ్చిపోతున్నారు. ఆ బిరుదు పేరుతోనే 1900లో కైసర్-ఎ-హింద్ పతకం పెట్టారు. 1915లో గాంధీజీకి ఇచ్చారు, 1920లో ఆయన తిరిగిచ్చేశారు. మన హైదరాబాద్ సరోజినీ నాయుడు గారికీ వచ్చింది, జలియన్‌వాలా బాగ్ తర్వాత ఆవిడా వెనక్కి పంపేశారు.

మనిషికీ, పదవికీ దేనికీ సంబంధం లేని సీజర్లు కూడా ఉన్నారు. సీజర్ సలాడ్ ఇటలీ నుంచి వలసొచ్చిన సీజర్ కార్డినీ అనే హోటల్ యజమానిది, మెక్సికోలోని టిహువానాలో 1924లో పుట్టింది. రోమన్లు తిన్నది కాదు. సీజర్ సైఫర్ మాత్రం అసలు సీజర్‌దే. ఆయన రహస్య ఉత్తరాల్లో ప్రతి అక్షరాన్నీ మూడు స్థానాలు ముందుకి జరిపేవాడు. ఇంగ్లీషు అక్షరాలతో చేస్తే సి-ఏ-టి కాస్తా ఎఫ్-డి-డబ్ల్యూ అవుతుంది. కంప్యూటర్ సైన్స్ పిల్లలకి సంకేతలిపి పాఠం ఇప్పటికీ దీనితోనే మొదలు. సీజరిజం అంటే జనాదరణని అడ్డం పెట్టుకుని నడిపే ఏకవ్యక్తి పాలన. 19వ శతాబ్దంలో నెపోలియన్ల గురించి రాసేటప్పుడు బాగా వాడారు, ఇప్పుడు మళ్లీ వ్యాసాల్లో కనిపిస్తోంది.

కుక్కల పేర్లు కూడా చెప్పుకోవాలి, మన ఊళ్లలో టైగర్ తర్వాత సీజరే కదా. ఇంగ్లండ్ రాజు ఏడో ఎడ్వర్డ్‌కి సీజర్ అనే చిన్న టెర్రియర్ ఉండేది. "నేను సీజర్‌ని, రాజుగారి దాన్ని" అని దాని మెడపట్టీ మీద రాయించారు. 1910 మేలో రాజుగారి అంత్యక్రియల ఊరేగింపులో దాన్ని శవపేటిక వెనకే నడిపించారు. దాని తర్వాతే తొమ్మిది మంది రాజులు, వాళ్లలో జర్మనీ కైజర్ కూడా. సీజర్ ముందు, కైజర్ వెనక.

చివరిగా మీ "ఎలా వాడాలి" సంగతి. ఇంగ్లీషులో రోమన్ సీజర్‌కి ఎప్పుడూ పెద్ద అక్షరం, చాలామందిని కలిపి చెప్పాలంటే "సీజర్స్". "ది ట్వెల్వ్ సీజర్స్" అంటే జూలియస్ నుంచి డొమీషియన్ దాకా. అందులో జూలియస్ చక్రవర్తి కాకపోయినా సూటోనియస్ లెక్కలో మొదటివాడు. "ఏ సీజర్" అని ముందు ఆర్టికల్ ఉంటే మనిషి కాదు, నియంత లక్షణాలున్నవాడని. "టు సీజర్" అని ఆర్టికల్ లేకుండా ఉండి పన్నులో మతమో చర్చలో ఉంటే ప్రభుత్వం. తెలుగులో రోమన్ చరిత్రకి సీజర్, బైబిల్ వాక్యానికి కైసరు, జర్మనీకి కైజర్, రష్యాకి జార్ అని ఎవరి చోట వాళ్లని ఉంచండి. "సీజరువి సీజరుకి" అని రాస్తే పాఠకుడికి అది బైబిల్ మాటని తట్టదు. మీ సంపాదకీయంలో మంత్రి భార్యకి మాత్రం ఏ ఇబ్బందీ లేదు, మాట పడింది మంత్రిగారి మీదే.